గర్భభారమును వెన్నుసూదియు

విశాఖపట్టణమునకు దక్షిణమున డాల్ఫిన్స్‌నోస్ కొండ సముద్రములోనికి చొచ్చుకొనిపోయి నౌకాశ్రయ ముఖద్వారమునకు కావలి కాయుచుండగా, ఆ కొండకు ఆవలి పార్శ్వమున, మూడు దిక్కుల గిరిపంక్తియు నాలుగవ దిక్కున బంగాళాఖాతమును హద్దులుగా గలిగి యారాడ గ్రామమున్నది. సెలవు దినములలో సముద్రతీరమునకు వచ్చు నగరవాసులకు అచ్చటి ఘాటురోడ్డు మలుపులు కన్నులపండువుగా నుండును. కాని నెలలు నిండిన స్త్రీకి నడిరేయి నొప్పులు మొదలై, సింధియా వైపునకు దిగి, మల్కాపురము మీదుగా నగరములోని పెద్దాసుపత్రికి చేరవలసి వచ్చినపుడు ఆ మలుపులే తెగని దారిగా తోచును. అట్టి ప్రయాణములో ఆమెను వాహనములో వెల్లకిల పరుండబెట్టినచో, కొంతసేపటికి ముఖము పాలిపోయి, చెమటలు పట్టి, కడుపులో త్రిప్పుచున్నదనియు కన్నులు చీకట్లు క్రమ్ముచున్నవనియు చెప్పుట కలదు. వెంట వచ్చిన ఆశా కార్యకర్త తెలిసినదైనచో గుండెజబ్బని హడలిపోదు. "ఎడం పక్కకి తిరిగి తొంగో తల్లీ" అని నెమ్మదిగా భుజము పట్టి త్రిప్పును. రెండు మూడు నిమిషములలో ఆ స్త్రీ తేరుకొనును. సిజేరియన్ కాన్పులో వెన్నులోనికి ఇచ్చు మత్తుమందు ఎట్లు పనిచేయునో, ఎందుచేత అంత కొలిచి ఇయ్యవలసివచ్చుచున్నదో తెలియగోరువారు ఈ ప్రక్కకు తిరుగుటలోని కారణమును మొదట గ్రహింపవలెను.

నెలలు నిండిన గర్భాశయములో శిశువు సుమారు 3 కిలోలు, మాయ అరకిలో, ఉమ్మనీరు ముప్పాతిక లీటరు, గర్భాశయపు కండరము ఇంచుమించు ఒక కిలో ఉండును. తల్లి వెల్లకిల పరుండినపుడు ఈ అయిదు కిలోల పైచిలుకు భారమంతయు వెన్నెముక ముందుభాగమున కుడిప్రక్కగా పైకి పోవుచున్న అధోమహాసిర మీద మోపబడును. ధమని గోడలు దళసరివి, అందలి పీడనము హెచ్చు. సిర గోడలు పలుచనివి, అందలి పీడనము స్వల్పము. కావున బరువు మోపినంతనే సిర అణగిపోవును. కాళ్లనుండియు కటిభాగమునుండియు గుండెను చేరవలసిన రక్తము క్రిందనే నిలిచిపోగా, గుండెకు వచ్చునది తగ్గినకొలది గుండె పంపునదియు తగ్గును. మెదడునకు రక్తము చాలక కన్నులు తిరుగును. 1953లో అమెరికాలో హొవర్డు, గుడ్‌సన్, మెంగర్టు అను వైద్యులు ఈ స్థితిని విశదముగా వర్ణించిరి. అయినను అందరు గర్భిణులును ఇట్లు సొమ్మసిల్లరు. సిర దాదాపు పూర్తిగా మూసికొనిపోయినవారిలో సైతము అనేకులకు ఏ బాధయు తోచదు. అట్లేల యనగా, దేహములో రక్తమునకు మరియొక మార్గమున్నది.

ఆ మార్గమెట్టిదో మన ప్రాంతమువారికి చెప్పవలెనన్న, మేఘాద్రిగెడ్డ నౌకాశ్రయపు ఉప్పుటేటిలో కలియుచోటు చూచినచో చాలును. పోటు వేళ సముద్రపునీరు ఎదురు త్రోయుచుండగా గెడ్డనీరు ముందునకు సాగలేక నిలిచి, వెనుకకు ఉబ్బి, మామూలు వేళల ఎండి కనుపించు చిన్న చిన్న పాయలలోనికి ప్రాకును. అట్లే మహాసిర మూసికొనగా కాళ్లరక్తము వెన్నెముక గొట్టము లోపలను దాని చుట్టును అల్లుకొనియున్న సిరాజాలములోనికి మరలి, ఆ దారిని పైకి పోయి గుండెను చేరును. ఫిలడెల్ఫియాలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించిన ఆస్కార్ బ్యాట్సన్ 1940లో ఈ సిరాజాలపు ప్రాముఖ్యమును వెల్లడించెను. నేటికిని వైద్యులు దానిని ఆయన పేరుననే పిలుచుచున్నారు. ఈ సిరలలో కవాటములు లేవు. రక్తము వానిలో ఏ దిక్కునకైనను పోగలదు. పొట్టలో పీడనము హెచ్చినప్పుడెల్ల అవి ఉబ్బును. దగ్గినను, ముక్కినను, బరువెత్తినను క్షణమాత్రము ఉబ్బి మరల సద్దుమణగును. గర్భిణిలో అట్లుగాక నెలల తరబడి ఉబ్బియే యుండును.

ఉదరమును వైద్యులు ఒక మూసిన పాత్రగా భావింతురు. వెనుక వెన్నెముకయు, క్రింద కటి ఎముకలును కదలనివి. పైన ఉదరవితానమును, ముందు పొట్టకండరములును సాగునవి. లోపల పరిమాణము పెరిగినచో సాగు గోడలు కొంతవరకు చోటు ఇచ్చును, అటుపిమ్మట పీడనము హెచ్చును. దీనిని కొలుచు విధానము సరళమైనది: మూత్రాశయములో నుంచిన గొట్టము ద్వారా 25 మిల్లీలీటర్లకు మించకుండ ఉప్పునీరు పంపి, రోగి ఊపిరి విడిచిన క్షణమున, ఆ నీటి పీడనమును కొలుతురు, మూత్రాశయపు గోడ మెత్తనిది గనుక చుట్టునున్న పీడనమే లోనికిని వచ్చును. సామాన్య ఆరోగ్యవంతునిలో ఇది పాదరసమున 5 మిల్లీమీటర్ల దరిదాపుల నుండును. తీవ్రరోగపీడితులలో 12 దాటినచో హెచ్చు పీడనమని లెక్కింతురు. 20 దాటి, దానితోపాటు మూత్రపిండములో ఊపిరితిత్తులో పనిచేయుట మానివేసినచో అది ప్రాణాపాయస్థితి. సిజేరియనుకు పరుండిన నిండుచూలాలిలో 10 మొదలు 20 వరకును, కొందరిలో అంతకు మించియు పరిశోధకులు కొలిచియున్నారు. అనగా ఇతరులలో ఐ.సి.యు.కు చేర్పదగిన పీడనమును గర్భిణి నడచుచు, వంట చేయుచు, యారాడ వంటి పల్లెలో చేపల తట్ట నెత్తిన బెట్టుకొనియు భరించుచున్నది. నెలల వ్యవధిలో మెల్లమెల్లగా పెరుగుటవలనను, పొట్టకండరములు సాగుటవలనను, ప్రసవకాలమునకు తల్లిరక్తము మునుపటికంటె ఇంచుమించు 40 శాతము పెరిగి యుండుటవలనను ఆమెకిది సాధ్యమగుచున్నది. స్త్రీదేహముయొక్క ఈ సహనశక్తిని గురించి మన గ్రంథములలో వ్రాయవలసినంత వ్రాయలేదని నా అభిప్రాయము.

ఇక వెన్నెముక గొట్టములోనికి పోదము. ఎముకల గొట్టములో వరాశిక యను దృఢమైన పొర ఒక సంచివలె వ్రేలాడుచుండును. సంచిలో మస్తిష్కమేరు ద్రవమును, అందు తేలు వెన్నుపామును, నాడీమూలములును ఉండును. సంచికిని ఎముకకును నడుమనున్న చోటులోనే క్రొవ్వుతో కూడి బ్యాట్సన్ సిరలున్నవి. ఎముక సాగదు, గనుక సిరలు ఉబ్బినచో సంచి లోనికి నొక్కుకొనవలసినదే, అందలి ద్రవము కొంత పైకి తరలిపోవలసినదే. దీనిని ఊహ అని కొట్టివేయుటకు వీలులేదు. 1996లో అమెరికాలో హోగన్ అను మత్తువైద్యుడును ఆయన సహచరులును ఎం.ఆర్.ఐ. చిత్రములు తీసి, నడుము దిగువ సంచిలో నుండు ద్రవము సగటున 50 మిల్లీలీటర్లు మాత్రమేయనియు, అది మనిషికిని మనిషికిని మిక్కిలి భేదించుననియు, పొట్టను బయటినుండి నొక్కినపుడు సగటున మూడున్నర మిల్లీలీటర్లు తగ్గుచున్నదనియు చూపిరి. స్థూలకాయులలోను ఈ ద్రవము తక్కువగనే యుండెను. రెండు మిల్లీలీటర్ల మందును కలుపవలసిన పాత్రలో ద్రవము తగ్గుట సామాన్యవిషయము కాదు.

ఆ సంచిలోనికి సూదిని పంపవచ్చునని మొదట నిరూపించినవాడు జర్మనీలోని కీల్ నగరమున నుండిన క్వింకె. 1891లో ఆయన మెదడులో నీరు చేరిన రోగుల బాధ తగ్గించుటకై వెన్నుద్రవమును తీసెను. అదే నగరమున 1898 ఆగస్టులో ఆగస్ట్ బియర్ ఆ దారిన కొకెయిన్ లోనికి పంపి, నొప్పి తెలియని శస్త్రచికిత్స చేసెను. కొలదిదినములకు ఆయనయు ఆయన సహాయకుడు హిల్డెబ్రాంటును ఒకరిపై నొకరు పరీక్షకు పూనుకొనగా, సహాయకుని కాళ్లు స్పర్శ కోల్పోయెను. బియర్ మాత్రము తొమ్మిది దినములు తలనొప్పితో మంచము విడువలేకపోయెను. తల ఎత్తినచో నొప్పి, పరుండినచో ఉపశమనము: వెన్నుద్రవము కారిపోవుటయే దీనికి కారణమై యుండునని ఆయన ఆనాడే ఊహించెను. ఆ ఊహ సత్యమయ్యెను. 1900లో బాసెల్ నగరమున ఆస్కార్ క్రైస్ ఈ విధానమును ప్రసవవేదనకు వాడెను.

మన తెలుగుదేశమున అప్పటికింకను మత్తునకు క్లోరోఫారమే ప్రధానముగా నుండెను. ఆ మందు ప్రాణము తీయునపుడు మొదట గుండె ఆగునా, ఊపిరి ఆగునా యను వివాదమును తేల్చుటకై ఆరవ నిజాము ధనసహాయముతో, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ నాయకత్వమున, హైదరాబాదులో 1888లోను 1889లోను రెండు కమిషనులు వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపినవి. ఊపిరిని కనిపెట్టినచో చాలును, గుండెకు భయము లేదని వారు తీర్పు చెప్పిరి. ఆ తీర్పు సగమే నిజమని, క్లోరోఫారము గుండెను నేరుగానే ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించెను. ఆ హైదరాబాదు పరీక్షలలో పాల్గొని, పిమ్మట అచ్చటి ఆసుపత్రులలో మత్తు ఇచ్చుటయే వృత్తిగా గైకొన్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచమున మొదటి మహిళా మత్తువైద్యురాలిగా నేడు గౌరవించుచున్నారు.

గర్భిణికి పూర్తి మత్తు ఇచ్చుటలో నున్న చిక్కు ఇచ్చట చెప్పవలెను. దానికిని మూలము ఉదరపీడనమే. పెరిగిన గర్భాశయము జీర్ణకోశమును పైకి నెట్టును. గర్భకాలపు హార్మోనులు అన్నవాహిక చివరనున్న బిగువును సడలించును. స్పృహ తప్పినపుడు కడుపులోని ఆమ్లము గొంతులోనికి ఎగదన్ని ఊపిరితిత్తులలో పడవచ్చును. 1946లో న్యూయార్కులో మెండెల్సన్ ఈ ఉపద్రవమును వర్ణించిననాటినుండి అది ఆయన పేరుననే పిలువబడుచున్నది. ఉదరవితానము నాలుగు సెంటీమీటర్ల వరకు పైకి నెట్టబడుటచేత ఊపిరితిత్తులలో నిలువయుండు గాలియు ఐదింట ఒకవంతు తగ్గును. అందుచేత ఊపిరి ఆగినచో గర్భిణిదేహము ఇతరులకంటె త్వరగా నీలివర్ణమగును. తల్లి మేలుకొని యుండి, తన ఊపిరి తానే పీల్చుకొనుచు, బిడ్డ ఏడ్పును తానే వినగల వెన్నుమత్తు మిన్నయని వైద్యలోకము నిర్ణయించుటకు ఇది ముఖ్యకారణము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో 42.4 శాతము, తెలంగాణములో 60.7 శాతము కాన్పులు సిజేరియనులే. దేశపు సగటు 21.5 శాతము మాత్రమే. ఇందు ఎన్ని తప్పనిసరియో వేరుగా విచారింపదగిన ప్రశ్న. కాని తెలుగునాట ఇన్ని ఇళ్లలో తల్లులు ఈ సూది వేయించుకొనినవారై యుండగా, అదేమిటో ఎవరును వారికి నింపాదిగా చెప్పకపోవుట న్యాయము కాదు.

1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రిలోగాని, జనులు ఘోషా ఆసుపత్రియని పిలుచు విక్టోరియా ఆసుపత్రిలోగాని, గాజువాకలోని ఒక చిన్న నర్సింగుహోములోగాని ఈ కార్యము జరుగు తీరు ఒక్కటే. తల్లిని బల్ల అంచున కూర్చుండబెట్టి, పాదములు స్టూలుపై నుంచి, ఒడిలో దిండు నిచ్చి, గడ్డము రొమ్మున కానునట్లు వంగుమందురు. నిండు కడుపుతో వంగుట సుళువు కాదు. ఎదుట నర్సు ఆమె భుజములను ఆనించి పట్టుకొనును. మత్తుడాక్టరు తుంటి ఎముకల పైఅంచులను వ్రేళ్లతో తడిమి, ఆ రెంటిని కలుపు గీత నాలుగవ కటిపూస దరిదాపుల పోవునని ఎంచి, అక్కడ పూసల నడుమ సందును వెదకును. పెద్దవారిలో వెన్నుపాము మొదటి కటిపూస దిగువనే ముగియును. అంతకు క్రింద ద్రవములో తేలు నాడీమూలములు మాత్రమేయున్నవి. కావున సూది వెన్నుపామును గుచ్చునను భయమునకు చోటు లేకుండ ఆ స్థానమును ఎన్నుకొందురు. వీపుపై క్రిమినాశకపు చల్లదనము, పిదప చిన్న చురుకు. అరమిల్లీమీటరు లావైనను ఉండని సూది చర్మమును, స్నాయువులను దాటి లోనికి పోవుచు ఒకచోట చిటుక్కున సడలినట్లగును. లోపలి తీగను తీయగానే, కొన్ని క్షణములకు, సూది పిడిలో తేటనీటి బొట్టొకటి నిలుచును. వరాశికను దాటినామనుటకు డాక్టరునకు అదియే సాక్ష్యము. ఆ సమయమున నొప్పి వచ్చినచో, "నొప్పి తగ్గేదాకా ఆగుదాం అమ్మా, కదలకు" అని అనుభవజ్ఞులు చేయి ఆపుదురు.

మందు పేరు బుపివకెయిన్. 1957లో స్వీడన్ దేశమున తయారయ్యెను. సిజేరియనుకు సాధారణముగా ఇచ్చునది రెండు మిల్లీలీటర్లు, అందున్న మందు 10 మిల్లీగ్రాములు. దీనిలో ప్రతి మిల్లీలీటరునకు 80 మిల్లీగ్రాముల గ్లూకోజు కలిపి యుండుటచేత అది వెన్నుద్రవముకంటె బరువై దిగువకు జారును. తల్లిని వెంటనే వెల్లకిల పరుండబెట్టుదురు. అట్లు పరుండినపుడు నడుమువంపు మిట్టగాను, వీపు నడిభాగము పల్లముగాను ఉండును గనుక మందు మిట్టనుండి జారి రొమ్మువైపు పోవును. పొత్తికడుపు దిగువ కోయు శస్త్రమునకు మొద్దుబారుట రొమ్ముచూచుకముల ఎత్తువరకు ఎందుకు కావలెనని పలువురు అడుగుదురు. చర్మమునకు బొడ్డు దిగువ చాలును; కాని ఉదరము లోపలి పొరయు, గర్భాశయమును లాగునపుడు కదలు ఇతర అవయవములును తమ వేదనను చాల ఎగువనున్న నాడులద్వారా పంపును. ఆ ఎత్తు చేరనిచో తల్లికి నొప్పి తెలియును. ఆ ఎత్తు మీరి మెడవైపు ప్రాకినచో చేతులు తిమ్మిరియెత్తి, మాట గుసగుసయై, ఊపిరి కష్టమగును. అందుచేతనే డాక్టరు మాటిమాటికి "నా చెయ్యి గట్టిగా పట్టుకో అమ్మా" అని అడుగుచుండును. అది ఓదార్పు కొరకు మాత్రమే కాదు, చేతిబలముద్వారా మందు ఎంతవరకు ఎక్కినదో పరీక్షించుటకు కూడ.

ఈ రెండు అవధుల నడుమ మందును నిలుపుటలోనే ఉదరపీడనపు లెక్క వచ్చుచున్నది. గర్భిణికి గర్భము లేని స్త్రీకంటె నాలుగవవంతో, ఇంకను కొంత హెచ్చుగనో మందు తగ్గింపవలసి యుండును; లేనిచో అదే మోతాదు అవసరమునకు మించి పైకి ఎక్కును. ఉబ్బిన సిరలు ద్రవమును తగ్గించుట దీనికి ప్రధానకారణము. కవలపిల్లలను మోయువారిలో మందు మరింత పైకి పోవుటయు, నెలలు నిండక మునుపే సిజేరియన్ చేయవలసినవారికి కొంచెము హెచ్చు మందు కావలసివచ్చుటయు ఈ మాటకు తోడ్పడుచున్నవి. అయితే పీడనమొక్కటే సర్వమును శాసించుచున్నదనుట సత్యదూరము. గర్భాశయము ఇంకను చిన్నదిగా నుండి ఏ సిరను నొక్కజాలని మొదటి మూడునెలలలోనే స్త్రీ నాడులు మత్తుమందునకు సులభముగా లొంగుచున్నట్లు కనుగొనబడినది. ప్రొజెస్టిరోను హార్మోను నాడుల స్వభావమునే మార్చుచున్నదని అందువలన ఊహింపబడినది. రెండు కారణములు ఒకే ఫలమునకు దోహదము చేయునపుడు దేని వాటా ఎంతయో విడదీయుట ప్రకృతిశాస్త్రములో ఎల్లప్పుడును కష్టమే.

మందు ఎక్కుచుండగా వేదనను మోయు నాడులతోపాటు రక్తనాళములను బిగించి యుంచు సహానుభూత నాడులును మొద్దుబారును. నాళములు సడలి విప్పారగా రక్తము కాళ్లలో నిలుచును. పైనుండి గర్భభారము మహాసిరను నొక్కియే యున్నది. ఘాటురోడ్డున మనము చూచిన స్త్రీకి సిర మూసికొన్నను నాళములు బిగిసికొని కొంత కాపాడినవి. శస్త్రబల్లపైనున్న ఈమెకు ఆ రక్షణయు లేదు. రక్తపుపోటు నిమిషములలో పడిపోవచ్చును. తల్లికి వికారము కలుగును, ఆవులింతలు వచ్చును; మానిటరు తెరపై అంకె మారకమునుపే "కడుపులో తిప్పుతోందమ్మా" అన్న ఆమె మాటయే మొదటి సూచన యగుట కలదు. ప్రసవకాలమున గర్భాశయమునకు నిమిషమునకు 600 మిల్లీలీటర్లకు పైబడి రక్తము పోవుచుండును. తల్లి పోటు పడినచో దానిని సరిదిద్దుకొను ఉపాయము ఆ నాళములకు చాల తక్కువ, కావున బిడ్డకు ప్రాణవాయువు నేరుగా తగ్గును. పడిన పోటును నిలుపుటకు ఎఫిడ్రిన్, మెఫెంటెర్మిన్ అను మందులు మన ఆసుపత్రులలో చిరకాలముగా వాడబడుచున్నవి. ఫినైలెఫ్రిన్ మేలని 2018లో పలుదేశముల నిపుణులు ఏకాభిప్రాయమునకు వచ్చిరి.

తల్లి కుడితుంటి క్రింద బొంత మడచి పెట్టి, లేదా బల్లనే ఎడమవైపునకు 15 డిగ్రీలు వంచి, గర్భాశయమును మహాసిరపైనుండి తొలగించుట యాబదేండ్లుగా ప్రతి శస్త్రాగారములోను ఆచారము. 2015లో జపాను వైద్యుడు హిగుచీయు ఆయన బృందమును ఎం.ఆర్.ఐ.తో చూడగా, 15 డిగ్రీలకు సిర ఏమంతయు తెరచుకొనలేదు. 30 డిగ్రీలకు గాని మేలు కనుపింపలేదు. 30 డిగ్రీలు వంచినచో తల్లి బల్లపైనుండి జారునేమో, శస్త్రవైద్యుని చేయి నిలుచునా? పోటు నిలుపు మందును తగిన ద్రవమును ఎడతెగక ఇచ్చుచుండినచో, ఆరోగ్యవంతులైన తల్లులలో వంచినను వంచకున్నను బిడ్డ స్థితిలో భేదము లేదని 2017లో న్యూయార్కు పరిశోధకులు ప్రకటించిరి. వంచనివారికి మందు హెచ్చుగా కావలసివచ్చెననియు వారే చెప్పిరి. పంపులు, మందులు, మానిటరులు సమృద్ధిగా నున్నచోట అట్లు చెప్పవచ్చును. అవి కొరతగా నుండు చిన్న ఆసుపత్రిలో, బొంత మడచి పెట్టుటకు కాణీ ఖర్చు లేనపుడు, ఆ అలవాటును మానుమనుటకు నాకు మనసొప్పదు.

ఇంతవరకు చెప్పినది తల్లికి తెలియని ఒత్తిడి. ఆమెకు తెలిసి, ఆమెను భయపెట్టు ఒత్తిడి మరియొకటి. గర్భాశయమును కోసి బిడ్డతలను చేత పట్టుకొనిన శస్త్రవైద్యురాలు సహాయకురాలితో "నొక్కు" అనును. సహాయకురాలు రొమ్ము దిగువన రెండుచేతులు మోపి బిడ్డను దిగువకు త్రోయును. తెరకు ఇవతల తల్లి, "మేడమ్‌గారూ, పొట్ట మీద ఎవులో కూకున్నట్టుందండి, నొప్పి మాత్రం నేదు" అనును. ఆమె చెప్పునది అక్షరసత్యము. వేదనను, చల్లదనమును మోయు నాడీతంతువులు సన్ననివి. స్పర్శను, లోతైన ఒత్తిడిని మోయునవి లావైనవి. మందు సన్నవానిని ముందుగను, ఎక్కువ ఎత్తు వరకును మొద్దుబరచును. మందు చేరు వెన్నుభాగముతో సంబంధము లేక మెదడునుండియు మెడనుండియు నేరుగా ఉదరమునకు దిగు నాడులును కొన్నియున్నవి. వానిని ఈ మందు తాకనే తాకదు. కావున లాగుట, కదుపుట, బరువు మోపుట తెలియవచ్చును. తెలియునని ముందుగా చెప్పియుంచినచో సగము భయము తొలగును.

కాని ఒత్తిడి వేరు, నొప్పి వేరు. "ఏం లేదమ్మా, ఊరికే ఒత్తిడే" అను మాట నిజమైన నొప్పిని కప్పిపుచ్చుటకు వాడబడుచున్నదని తల్లులు అనేకులు చెప్పుకొందురు. మంచుగడ్డతో పరీక్షించి చల్లదనము తెలియుట లేదన్నంత మాత్రమున లోపల నొప్పి తెలియదని నిశ్చయింపరాదు; లేతస్పర్శ సైతము రొమ్ము ఎత్తువరకు తెలియకుండ పోయినదో లేదో చూచుట మేలు. 2022లో బ్రిటను మత్తువైద్యులు వెలువరించిన మార్గదర్శకములు తల్లి నొప్పియన్నచో నమ్మవలెననియు, వీలున్నచో శస్త్రమును ఆపవలెననియు, నొప్పినివారణము ఇయ్యవలెననియు, అవసరమైనచో పూర్తి మత్తునకు మారుదమని అడుగవలెననియు స్పష్టముగా చెప్పినవి. దీనిని నేను పూర్ణహృదయముతో సమర్థించుచున్నాను. చదువు లేనిదని, బెదురుపడినదని, మొదటి కాన్పని ఏ తల్లి మాటయు త్రోసివేయదగినది కాదు. తెరకు ఇవతల ఏమి తెలియుచున్నదో చెప్పగలవారు ఆ గదిలో ఆమె యొక్కతెయే.

మామూలు కాన్పులో కడుపు నొక్కి బిడ్డను త్రోయు పద్ధతి దీనితో కలుపరానిది. బెర్లినులో క్రిస్టెల్లర్ 1867లో దానిని వర్ణించిన నాటినుండి ప్రపంచమంతట వ్యాపించినది; మన ప్రసవశాలలలోను తెలియనిదికాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో అట్లు నొక్కవద్దని సలహా ఇచ్చినది. సిజేరియనులో దారి తెరచియే యున్నది, మామూలు కాన్పులో అట్లుకాదు.

ఈ సూదివలన జన్మాంతము నడుమునొప్పి నిలిచిపోవునను నమ్మకము తెలుగునాట ఇంటింట నున్నది. గుచ్చినచోట కొన్నినాళ్లు సలుపు ఉండుట సహజము. దీర్ఘకాలపు నొప్పికి మాత్రము వెన్నుమత్తు పొందినవారిలోను పొందనివారిలోను గణనీయమైన భేదము కనుపింపలేదు. తొమ్మిదినెలలు ముందునకు లాగిన బరువును, సడలిన కీళ్లును, బిడ్డనెత్తుకొని వంగి పాలిచ్చు భంగిమలును, సాగిపోయిన పొట్టకండరములును దానికి తగిన కారణములు. తలనొప్పి సంగతి వేరు: అది నిజముగా సూదివలననే వచ్చును. బియర్ కాలపు లావుసూదులు చేసిన రంధ్రముగుండ ద్రవము దినములకొలది కారెడిది. 1951లో హార్ట్, విటేకర్ అను వైద్యులు మొన కత్తివలె కోయక పెన్సిలుకొనవలె పొరపోగులను ఎడబాపుకొని పోవు సూదిని రూపొందించిన తరువాత ఆ బాధ చాల తగ్గినది. కూర్చుండగానే హెచ్చి, పరుండగానే తగ్గు తలనొప్పి వచ్చినచో బాలింతనొప్పియని ఇంట ఊరకుండక ఆసుపత్రికి తెలుపవలెను. దానికి చికిత్స కలదు.

బిడ్డయు మాయయు వెలికి వచ్చి గర్భాశయము ముడుచుకొనగానే మహాసిర తెరచుకొని, క్రింద నిలిచిన రక్తము ఒక్కసారిగా గుండెకు మరలును, ఉదరపీడనము దిగును, వెన్నెముకలోని సిరలు క్రమముగా సన్నబడి ద్రవము తన చోటికి వచ్చును. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశములో 15 మొదలు 49 ఏండ్ల వివాహితలలో 100కు ఇంచుమించు 70 మంది కుటుంబనియంత్రణ ఆపరేషను చేయించుకొనినవారే. కాన్పు పిమ్మట ద్రవము అట్లు మరల నిండుటచేత, మామూలు కాన్పు జరిగిన మరునాడో మూడవనాడో వెన్నుసూదితో ఆ ఆపరేషను చేయవలసిన బాలింతకు, రెండుదినముల క్రిందట సిజేరియనైనచో సరిపోయియుండెడి మోతాదు చాలుట లేదు. 1986లో అబూలీష్ అను వైద్యుడు కొలిచి చూడగా, అదే ఎత్తునకు మందు ఎక్కుటకు సుమారు 30 శాతము హెచ్చుగా ఇయ్యవలసివచ్చెను.